తైమూర్ గుడారంలో ఇబ్నె ఖల్దూన్: ఒక సంభాషణ, కొన్ని పరీక్షలు

చరిత్ర రచనకు ఆధారాలు రెండు విధాలు. ఒకటి రాతప్రతి, రెండవది కళ్ళారా చూసినవారి, చెవులారా విన్నవారి వాఙ్మూలం. ముస్లిం విద్వాంసులు మొదటి నుంచీ ఈ రెండవ ఆధారానికి గొప్ప స్థానమిచ్చారు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒక్క హదీసును దాన్ని స్వయంగా విన్నవారి నోటనే వినాలని నెల రోజుల ప్రయాణం చేసి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) వద్దకు వెళ్ళిన ఉదంతం సుప్రసిద్ధం. ఇమామ్ తబరీ (839-923) తన బృహత్ చరిత్రలో ఉదంతాలకు ముందు వాటిని చెప్పినవారి పరంపరను పేర్కొన్నారు. పదకొండవ శతాబ్దంలో అల్‌బీరూనీ భారతదేశాన్ని గురించి రాయడానికి సంస్కృతం నేర్చుకుని, ఇక్కడి పండితులనే అడిగి విషయాలు సేకరించారు.

ప్రముఖులను కలిసి, లోకవ్యవహారాలపై ప్రశ్నించి, వారి జవాబులను ప్రకటించడం నేడు పత్రికలకూ రేడియో, టెలివిజన్‌లకూ నిత్యకృత్యమైంది. ఇలాంటి సంభాషణలు రేపటి చరిత్రకారునికి ఆధారాలవుతాయి. అయితే ఒక చిక్కు ఉంది. అధికారం చేతిలో ఉన్నవాని ఎదుట కూర్చున్న మనిషి తాను నమ్మినది నమ్మినట్లు చెప్పగలడా? చెప్పినదాన్ని తర్వాతి తరాలు ఏ కొలతతో కొలవాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెదకడానికి 1401 జనవరిలో (హిజ్రీ 803) దమిష్క్ నగరం వెలుపల జరిగిన ఒక సంభాషణ ఎంతగానో ఉపకరిస్తుంది. అక్కడ కూర్చున్నవారిలో ఒకరు ఆ కాలపు ప్రపంచంలో అందరికంటె భయంకరుడైన విజేత అమీర్ తైమూర్. రెండవవారు చరిత్రను శాస్త్రంగా మలచిన అల్లామా ఇబ్నె ఖల్దూన్.

దమిష్క్‌కు దారితీసిన పరిస్థితులు

అబ్దుర్రహ్మాన్ ఇబ్నె ఖల్దూన్ 1332లో ట్యూనిస్‌లో జన్మించారు. ఆయన పూర్వీకులు స్పెయిన్‌లోని ఇష్బీలియా (సెవిల్) నుంచి వలస వచ్చినవారు. పదిహేడేళ్ళ ప్రాయంలోనే మహమ్మారి ప్లేగు ఆయన తల్లిదండ్రులను కబళించింది. ఆ తర్వాత ఆయన ట్యూనిస్, ఫాస్, గ్రనడా దర్బారులలో కొలువు చేశారు. ఫాస్‌లో దాదాపు రెండేళ్ళు ఖైదు అనుభవించారు. గ్రనడా సుల్తాన్ దూతగా కాస్టిల్ క్రైస్తవ రాజును కలిశారు. రాజుల కొలువులో మాట ఎలా పెరుగుతుందో, ఎలా విరుగుతుందో ఆయనకు తెలిసినంతగా మరే చరిత్రకారునికీ తెలియదంటే అతిశయోక్తి కాదు. ఆ అనుభవసారమే 1377లో ఇబ్నె సలామా కోటలో కూర్చుని రాసిన 'ముఖద్దిమా'.

1382లో ఆయన ఈజిప్టు చేరుకున్నారు. సుల్తాన్ బర్ఖూఖ్ ఆయనను 1384లో మాలికీ ప్రధాన ఖాజీగా నియమించాడు. ఆ ఏడాదే ట్యూనిస్ నుంచి ఆయన కుటుంబాన్ని తెస్తున్న ఓడ సముద్రంలో మునిగిపోయింది. పదవి పలుమార్లు వచ్చింది, పలుమార్లు పోయింది.

1398లో ఢిల్లీని కొల్లగొట్టిన తైమూర్ 1400లో సిరియాపై పడి హలబ్ (అలెప్పో) నగరాన్ని నాశనం చేశాడు. బర్ఖూఖ్ అప్పటికే మరణించాడు. అతని కుమారుడు ఫరజ్ ఇంకా బాలుడు. ఆ బాల సుల్తాన్ సైన్యంతో దమిష్క్‌కు బయలుదేరినప్పుడు, పదవిలో లేని ఇబ్నె ఖల్దూన్‌ను కూడా ఆస్థాన అధికారి ఒకరు మంచి మాటలతో, కానుకలతో వెంట తీసుకువెళ్ళాడు. 1401 జనవరి మొదట్లో, కైరోలో కొందరు అమీర్లు కుట్ర చేస్తున్నారన్న వార్త రాగానే సుల్తాన్ తన ప్రధాన బలగంతో వెనుదిరిగాడు. దమిష్క్ ప్రజలు, ఖాజీలు, ఉలమాలు దిక్కులేనివారయ్యారు.

నగర ప్రముఖులు ఆదిలియా మద్రసాలో సమావేశమై శరణు కోరడమే మేలని నిర్ణయించారు. హంబలీ ఖాజీ ఇబ్నె ముఫ్లిహ్ తైమూర్ వద్దకు వెళ్ళి మాట్లాడి వచ్చారు. తైమూర్ ఆయనను అడిగిన విషయాలలో ఒకటి గమనార్హం: ఇబ్నె ఖల్దూన్ సుల్తాన్‌తో వెళ్ళిపోయారా, నగరంలోనే ఉన్నారా? అయితే ఒప్పందం గురించి నగరంలో ఏకాభిప్రాయం లేదు. రాత్రి జామె మస్జిద్‌లో వాగ్వాదం చెలరేగింది. ప్రాణభయం కలిగిన ఇబ్నె ఖల్దూన్ తెల్లవారుజామున కోట ద్వారం వద్దకు వెళ్ళి తనను బయటకు పంపమని కోరారు. ద్వారం తెరవడం సాధ్యపడలేదు. చివరకు ఆయనను గోడపై నుంచి కిందికి దించారు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఎనిమిదేళ్ళు.

గుడారంలో ప్రశ్నలు

ఈ కథనమంతా ఇబ్నె ఖల్దూన్ స్వయంగా రాసుకున్నదే. 'అత్తారీఫ్' అనే ఆయన ఆత్మకథలో ఇది చివరి భాగాల్లో ఉంది. ముహమ్మద్ ఇబ్నె తావీత్ అత్తంజీ పరిష్కరించిన సంపూర్ణ ప్రతి 1951లో కైరోలో వెలువడింది. మరుసటి ఏడాదే వాల్టర్ ఫిషెల్ ఈ భాగాన్ని ఆంగ్లంలోకి అనువదించి, వివరణలతో ప్రకటించాడు. దానితో ఈ సమావేశం ప్రపంచ చరిత్రకారుల దృష్టిని ఆకర్షించింది.

జనవరి 10న ఇబ్నె ఖల్దూన్ గుడారంలోకి ప్రవేశించేసరికి తైమూర్ మోచేతిపై ఆనుకుని ఉన్నాడు. ఎదుట నుంచి భోజన పళ్ళాలు సాగిపోతున్నాయి. వాటిని అతడు వలయాలుగా కూర్చున్న తన సైనికులకు పంపుతున్నాడు. ఇబ్నె ఖల్దూన్ వంగి సలాం చేశారు. తైమూర్ చేయి చాపగా ముద్దుపెట్టుకున్నారు. తైమూర్‌కు అరబ్బీ రాదు. అందువల్ల ఖ్వారిజ్మ్‌కు చెందిన హనఫీ ధర్మశాస్త్రవేత్త అబ్దుల్ జబ్బార్‌ను పిలిపించి దుబాసీగా కూర్చోబెట్టాడు. ఈ దుబాసీ తైమూర్ పరివారంలోనివాడన్న సంగతి మరువరాదు. అటు ప్రశ్న గానీ, ఇటు జవాబు గానీ అతని నోటి ద్వారానే ప్రయాణించింది.

ప్రశ్నలు తేలికగా మొదలయ్యాయి. ఎక్కడి నుంచి వచ్చావు? ఎందుకు వచ్చావు? బర్ఖూఖ్ నిన్ను ఎలా ఆదరించాడు? తర్వాత పిల్లల గురించి అడిగాడు. తన కుమారుడు 'లోపలి మగ్రిబ్'లో రాజు వద్ద లేఖకుడుగా ఉన్నాడని ఇబ్నె ఖల్దూన్ జవాబిచ్చారు. అంతే, తైమూర్ ఆ ఒక్క పదాన్ని పట్టుకున్నాడు. 'లోపలి' అంటే ఏమిటి? అది ఎక్కడ ఉంది? తంజా (టాంజియర్) ఎక్కడ? సబ్తా (స్యూటా) ఎక్కడ? ఫాస్ ఎక్కడ? సిజిల్మాసా ఎక్కడ? ఒక్కొక్కటే అడిగి, ఒక్కొక్కదానికీ జవాబు విని, చివరకు ఇది చాలదన్నాడు. మగ్రిబ్ దేశమంతా, దాని దూర ప్రాంతాలు, సమీప ప్రాంతాలు, కొండలు, నదులు, పల్లెలు, పట్టణాలు కళ్ళకు కట్టినట్లు కనిపించేలా రాసి ఇమ్మన్నాడు.

మంచి ఇంటర్వ్యూకు ఉండవలసిన లక్షణాలన్నీ ఈ ప్రశ్నలలో ఉన్నాయి. కుశల ప్రశ్నతో మొదలుపెట్టి, ఎదుటివాని నోట జారిన ఒక పదాన్ని పట్టుకుని, దానినుంచి అసలు విషయానికి వెళ్ళడం నేర్పరి లక్షణం. కాని ఇక్కడ ప్రశ్నించేవాడు జ్ఞానార్థి మాత్రమే కాదు, దేశాలు గెలిచేవాడు కూడా. అతనికి కొండలు, నదులు, పట్టణాల మధ్య దూరాలు తెలియడం అంటే ఏమిటో, రాజుల కొలువులలో జీవితం గడిపిన ఇబ్నె ఖల్దూన్‌కు తెలియకపోలేదు.

ఆ తర్వాత రిష్తా అనే వంటకాన్ని తెప్పించారు. ఇబ్నె ఖల్దూన్ దాన్ని ఇష్టంగా తిన్నారు. అది తైమూర్‌కు సంతోషం కలిగించిందని కూడా ఆయన రాశారు.

పొగడ్తలోని రెండు కారణాలు

అక్కడ కూర్చున్నంతసేపూ ఆయన మనసులో భయం ఉంది. ఈజిప్టు షాఫయీ ప్రధాన ఖాజీ అప్పటికే తైమూర్ సైనికులకు బందీగా చిక్కాడు. తనకూ అదే గతి పడుతుందేమోనని భయపడి, మనసులో కొన్ని మాటలు కూర్చుకున్నానని ఇబ్నె ఖల్దూన్ దాపరికం లేకుండా రాశారు. ఆయన తైమూర్‌తో, ముప్పై నలభై ఏళ్ళుగా తమను కలుసుకోవాలని కోరుకుంటున్నానని చెప్పారు. ఎందుకని దుబాసీ అడిగాడు. ఆయన రెండు కారణాలు చెప్పారు.

మొదటి కారణం 'అసబియ్యత్'. అంటే ఒక సమూహాన్ని ఒక్కతాటిపై నడిపే ఐక్యతాబలం. రాజ్యాధికారం దీనిపైనే నిలుస్తుందని, తురుష్కులలో ఇది అపారంగా ఉందని, కనుక తైమూర్ వంటి రాజు మరొకడు లేడని ఆయన వివరించారు. ఇది పొగడ్తే అయినా, ఆయన జీవితమంతా నమ్మి ముఖద్దిమాలో నిరూపించిన సిద్ధాంతం కూడా. రెండవ కారణం వేరు. మగ్రిబ్‌లోని జ్యోతిష్కులు, భవిష్యత్తు చెప్పేవారు గ్రహాల కలయికను బట్టి ఈశాన్య దిశ నుంచి ఒక మహా విజేత వస్తాడని ఏనాడో చెప్పారని ఆయన అన్నారు. ఆ విజేత తైమూరే అన్న సూచన ఆ మాటల్లో ఉంది.

ఇక్కడ పాఠకుడు ఆగి ఆలోచించాలి. ముఖద్దిమాలో జ్యోతిష్యాన్ని ఖండించడానికే ఒక అధ్యాయం ఉంది. బుద్ధి రీత్యానూ, ధర్మం రీత్యానూ అది నిలవదని, దానివల్ల రాజ్యాలకూ సమాజానికీ హాని కలుగుతుందని ఆయన వాదించారు. ఆ కలమే ఇప్పుడు గుడారంలో జ్యోతిష్కుల జోస్యాన్ని సాక్ష్యంగా తెచ్చింది. తన శాస్త్రాన్నీ, తాను ఖండించిన దాన్నీ ఒకే పళ్ళెంలో పెట్టి అందించిన ఆ క్షణంలో భయం ఎంత పని చేసిందో గ్రహించవచ్చు.

కాని సంభాషణ అంతా పొగడ్తతోనే సాగలేదు. ప్రాచీన రాజుల ప్రస్తావనలో బుఖ్తనస్సర్ (నెబుకద్నెజరు) పేరు రాగా, అతడు రాజు కాదని, పారశీక సేనానులలో ఒకడని తైమూర్ అభ్యంతరం చెప్పాడు. తాను కూడా సింహాసనానికి ప్రతినిధి మాత్రమేనని అన్నాడు. ఛంగేజ్ వంశపు ఖాన్‌ను పేరుకు గద్దెపై ఉంచి రాజ్యమేలడం అతని పద్ధతి. బుఖ్తనస్సర్ బాబిలోన్ రాజులలో ఒకడన్న అభిప్రాయం కూడా ఉందని, అందుకు తబరీ ప్రమాణమని ఇబ్నె ఖల్దూన్ జవాబిచ్చారు. తాను తబరీ మాటకు కట్టుబడనని, అరబ్బుల, అజమీల చరిత్ర గ్రంథాలు తెప్పించి వాదిస్తానని తైమూర్ అన్నాడు. తాను తబరీ పక్షాన వాదిస్తానని ఇబ్నె ఖల్దూన్ అన్నారు. ప్రాణానికి హామీ లేనిచోట కూడా ఆధారగ్రంథం విషయంలో ఆయన వెనక్కి తగ్గలేదు.

పన్నెండు కట్టలు

నగరానికి తిరిగి వచ్చిన ఇబ్నె ఖల్దూన్ కొద్దిరోజుల్లోనే మగ్రిబ్ వర్ణన పూర్తిచేశారు. సగం పరిమాణం గల కాగితాలతో అది పన్నెండు కట్టలయింది. తైమూర్ దాన్ని తన వారి భాషలోకి అనువదించమని ఆజ్ఞాపించాడు. ఆ రచన నేడు లభ్యం కావడం లేదు. అందులో ఏది చెప్పారో, ఏది దాచారో తేల్చడం ఇక అసాధ్యం.

ఆయన స్వదేశానికి ద్రోహం చేశారా? ఈ ప్రశ్నకు తొందరపడి తీర్పు చెప్పడం న్యాయం కాదు. కైరో చేరుకున్నాక ఆయన మగ్రిబ్ పాలకునికి ఒక సుదీర్ఘమైన లేఖ రాశారు. తాతారుల పుట్టుపూర్వోత్తరాలు, ఛంగేజ్ నుంచి తైమూర్ వరకు జరిగిన పరిణామాలు, తైమూర్ స్వభావం అందులో వివరించారు. అంటే తైమూర్‌కు మగ్రిబ్ గురించి చెప్పినవారే మగ్రిబ్‌కు తైమూర్ గురించి కూడా చెప్పారు. రెండవ రచన మొదటిదానికి ప్రాయశ్చిత్తమా, లేక రెండు వైపులా తన స్థానాన్ని కాపాడుకోవడమా అన్నది చరిత్రకారులు ఎవరి దృష్టితో వారు నిర్ణయించుకుంటున్నారు.

ఆ లేఖలోని తైమూర్ చిత్రం మాత్రం నిష్పాక్షికతకు ఉదాహరణ. అతడు పండితుడని కొందరు, షియా అని కొందరు, మాంత్రికుడని మరికొందరు అంటారని ఆయన పేర్కొన్నారు. ఇవేవీ నిజం కావని, అతడు మహా తెలివిగలవాడు, సూక్ష్మగ్రాహి, తెలిసిన విషయంలోనూ తెలియని విషయంలోనూ వాదనకు దిగే అలవాటు గలవాడని తేల్చారు. వయస్సు అరవై డెబ్బై మధ్య ఉంటుందని, బాల్యంలో తగిలిన బాణపు దెబ్బవల్ల కుడి మోకాలు పనిచేయదని, కొద్ది దూరమైతే కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడని, ఎక్కువ దూరమైతే మనుషులు మోసుకుపోతారని రాశారు. 1941లో సమర్ఖంద్‌లోని తైమూర్ సమాధిని సోవియట్ శాస్త్రజ్ఞులు తెరిచి ఎముకలను పరీక్షించినప్పుడు కుడికాలి అవిటితనం రుజువైంది. ఐదు వందల నలభై ఏళ్ళ తర్వాత ఒక ప్రత్యక్ష సాక్షి మాటను ఎముకలు బలపరచాయి.

కానుకలు, అభయపత్రం

ముప్పై అయిదు రోజులపాటు ఇబ్నె ఖల్దూన్ తైమూర్ వద్దకు వెళ్ళివస్తూ ఉన్నారు. ఆచారం ప్రకారం కానుకలు తీసుకువెళ్ళారు. అవి దివ్యఖుర్ఆన్ ప్రతి, నమాజు తివాచీ, ఇమామ్ బూసీరీ రచించిన ఖసీదా బుర్దా ప్రతి, నాలుగు పెట్టెల ఈజిప్టు మిఠాయి. ఖుర్ఆన్‌ను చూడగానే తైమూర్ లేచి నిలబడి దాన్ని తలపై పెట్టుకున్నాడు. బుర్దా ఏమిటో, రాసినవారెవరో అడిగి తెలుసుకున్నాడు. మిఠాయిని ఇబ్నె ఖల్దూన్ ముందుగా తాను రుచి చూసి అందించగా, అక్కడున్నవారికి పంచాడు.

తైమూర్ ప్రసన్నంగా ఉన్న సమయం చూసి ఆయన చేసిన విన్నపం ఈ ఉదంతమంతటిలో ముఖ్యమైనది. సుల్తాన్ వదిలిపోయిన ఖారీలు, లేఖకులు, ఉద్యోగులు ఇప్పుడు దిక్కులేక ఉన్నారని, వారివల్ల మీకూ ప్రయోజనం ఉంటుందని చెప్పి, వారి ప్రాణాలకు అభయపత్రం అడిగారు. తైమూర్ రాయించి ఇచ్చాడు. పొగడ్తలతో సంపాదించిన చనువులో కొంత భాగమైనా ఇతరుల కోసం ఖర్చయిందని దీనివల్ల తెలుస్తుంది.

మరో చిన్న ఉదంతం ఉంది. తైమూర్ ఆయన గాడిదజాతి వాహనాన్ని, అంటే కంచరగాడిదను అడిగి తీసుకున్నాడు. ఆయన దాన్ని కానుకగా ఇవ్వబోయినా వెల చెల్లిస్తానన్నాడు. కైరో చేరిన తర్వాత ఆ సొమ్ము ఈజిప్టు దూత ద్వారా వచ్చింది. సుల్తాన్ అనుమతి లేనిదే ముట్టుకోనని చెప్పి, అనుమతి పొందాకే ఇబ్నె ఖల్దూన్ దాన్ని తీసుకున్నారు. శత్రువు డబ్బు చేతిలో పడితే ఎలాంటి మాట వస్తుందో తెలిసిన మనిషి జాగ్రత్త అది. అంతకు ముందే తిరుగు ప్రయాణంలో దారిదోపిడీగాళ్ళు ఆయనను ఒంటిమీది బట్టలతో సహా దోచుకున్నారు.

ఆయన కొలతతోనే ఆయన మాట

చరిత్రలో అబద్ధం ఎలా చొరబడుతుందో ముఖద్దిమా మొదట్లోనే చెప్పబడింది. వర్గాభిమానం, చెప్పినవారిపై గుడ్డినమ్మకం, సంఘటన వెనుక ఉద్దేశం తెలియకపోవడం, గొప్పవారి ప్రాపకం కోసం వారిని పొగడటం, సమాజ స్వభావాన్ని ఎరుగకపోవడం వంటి కారణాలను ఆయన వివరించారు. హజ్రత్ మూసా (అ) వెంట ఆరు లక్షల సైన్యం ఉన్నదన్న మస్ఊదీ లెక్కను ఈ కొలతతోనే కాదన్నారు. ఈ కొలతను ఆయన గుడారపు మాటలకు కూడా పట్టవలసిందే.

అలా పట్టినప్పుడు జోస్యం గురించిన మాటలు పొగడ్త కిందికి పోతాయి. వాటిని ఆయన విశ్వాసంగా తీసుకోకూడదు. అసబియ్యత్ గురించిన మాటలు ఇరవై నాలుగేళ్ళ ముందు ఎవరి భయమూ లేకుండా రాసినవాటితో సరిపోతాయి గనుక నిలుస్తాయి. భయపడ్డానని, చేయి ముద్దాడానని, ప్రాణం కోసం మాటలు అల్లానని చెప్పిన భాగాలు ఆయన గౌరవాన్ని పెంచేవి కావు. తనకు వ్యతిరేకంగా మనిషి ఇచ్చే సాక్ష్యానికి బలం ఎక్కువ. కుంటికాలి వర్ణన బయటి ఆధారంతో రుజువైంది.

ఇదే సమావేశాన్ని ఇబ్నె అరబ్‌షా మరోవిధంగా చెప్పాడు. ఆయన కథనంలో ఇబ్నె ఖల్దూన్ ఖాజీల బృందంతో కలిసి వెళతారు. ఆయన మగ్రిబీ వేషాన్ని చూసి తైమూర్ ఆరా తీస్తాడు. కైరోలోని తన గ్రంథాలు తెచ్చుకుంటానని చెప్పి ఆయన తప్పించుకుంటారు. ఇబ్నె అరబ్‌షా ఆనాడు గుడారంలో లేడు. అప్పటికి బాలుడు. తల్లితో సహా బందీగా సమర్ఖంద్‌కు తరలింపబడినవాడు. పెద్దవాడై తైమూర్ చరిత్ర రాసినప్పుడు అతని కలంలో ద్వేషం నిండి ఉంది. కనుక గోడ దిగిన విషయంలో స్వయంగా దిగినవారి మాటనే ప్రమాణంగా తీసుకోవాలి.

కాని మరో విషయంలో ఆ బాలుని సాక్ష్యం లేనిదే చరిత్ర పూర్తికాదు. దమిష్క్ ప్రజలకు తైమూర్ ఇచ్చిన అభయం నిలవలేదు. ముందు ధనం పిండారు, తర్వాత దోచుకున్నారు, వృత్తిపనివారిని బందీలుగా తరలించారు. 1401 మార్చిలో నగరానికి నిప్పు పెట్టారు. మంటలు ఉమయ్యద్ జామె మస్జిద్‌కు పాకి, పైకప్పు సీసం కరిగి, కప్పు కూలిపోయింది. ఇబ్నె ఖల్దూన్ దాన్ని ఘోరకృత్యమని గట్టిగా ఖండించారు గాని, కొద్ది వాక్యాలతో సరిపెట్టారు. తైమూర్ ఏమి అడిగాడో, ఏమి తిన్నాడో, ఎలా కూర్చున్నాడో వివరంగా రాసిన ఆత్మకథలో, ఇల్లు కాలిన దమిష్క్ గృహస్థు గొంతు వినిపించదు. ఆ గొంతును బందీలలో ఒకడైన ఇబ్నె అరబ్‌షా వినిపించాడు.

తైమూర్ 1405లో చైనాపై దండెత్తిపోతూ దారిలో మరణించాడు. ఇబ్నె ఖల్దూన్ మరుసటి ఏడాది మార్చి 17న (హిజ్రీ 808 రమజాన్) ఖాజీ పదవిలో ఉండగానే కైరోలో కన్నుమూశారు.

వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించి నిజం తేల్చుకోమని సూరా హుజురాత్ విశ్వాసులను ఆదేశించింది. ప్రముఖులతో జరిపే సంభాషణలను చదివేవారికి కూడా ఆ విచారణ తప్పదు. ప్రశ్నించినవారు ఎవరు, మధ్యలో మాట మార్చినవారు ఎవరు, జవాబిచ్చినవారికి భయమేమి, ఆశ ఏమి, ఆ మాటల్లో వేరే ఆధారంతో రుజువయ్యేవి ఏవి అని చూడాలి. ఇవన్నీ చూసిన తర్వాత ఇంకొక ప్రశ్న మిగులుతుంది: ఆ గుడారంలోకి పిలవబడనివారు ఎవరు, వారిని ఎవరైనా అడిగారా?